కూర్చునే ముందు ఒక ‘అబ్బా’

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో, బట్ట కత్తిరించే హాలుకూ సామాన్ల స్టోరుకూ మధ్యన పిల్లల గది ఉంది. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా ఆ గుమ్మంలో నిలబడి నోరెళ్లబెట్టాల్సిందే. అన్నాలవేళ చాపలు పరవగానే పదకొండు మంది పిల్లలు, ఒక్కొక్కరూ గట్టిగా చూస్తే మూరెడు లేరు, ఎడమ మోకాలి మీద ఓ చరుపు చరిచి, "అబ్బా!" అని మూలిగి, అప్పుడు చతికిలబడతారు. మూడేళ్లవాళ్లకు మోకాళ్ల నొప్పులేమిటని గాభరా పడకండి. ఆ నొప్పి వాళ్లది కాదు, ఆయమ్మది.

ఆయమ్మకు అరవై దగ్గర పడుతున్నాయి. ఆమె ఎడమ మోకాలు మొరాయించి చాలాకాలమైంది. ఒక దెబ్బ తగిలితే గానీ అది మాట వినదని ఆమె నమ్మకం. రోజుకు ఎన్నిసార్లో కూర్చుని లేచే మనిషి కదా, కూర్చున్న ప్రతిసారీ ఓ చరుపూ ఓ అబ్బా. పిల్లలు కళ్లప్పగించి చూశారు. కూర్చోవడమంటే అదే కాబోలని తీర్మానించుకున్నారు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చెప్పలేదు. పైగా ఎవడైనా మరిచిపోయి ఊరికే కూర్చుంటే, పక్కవాడు ఊరుకోడు. "అలా కాదు!" అని రెక్క పట్టుకుని లేపి, మోకాలు చరిపించి, అబ్బా అనిపించి, మళ్లీ కూర్చోబెడతాడు.

"నా మోకాలికి ఇంతమంది వారసులు పుట్టుకొచ్చారేమిట్రా!" అని ఆయమ్మ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేది.

నవ్వింది గానీ, ఆ విద్య ఆమెకూ తెలియనిది కాదు. పిల్లల గదికి రాకముందు ఆమె ఆ ఫ్యాక్టరీలోనే కాలర్లు కుట్టింది. పనిలో చేరిన కొత్తలో, అక్కడే ముందు నుంచీ కుడుతున్న తన పిన్ని పక్కన స్టూలేసుకుని కూర్చుని, పిన్ని ఎలా చేస్తే అలా చేసింది. పిన్ని బట్ట ఎలా తిప్పితే అలా తిప్పింది. మిషను తొక్కే ముందు పిన్ని సూది మీద ఉఫ్ఫుమని ఊదితే తనూ ఊదింది. ఏళ్ల తరబడి ఊదింది. ఒకనాడు ఎందుకో అనుమానం వచ్చి అడిగింది.

"పిన్నీ, సూది మీద ఎందుకు ఊదుతాం?"

"పాత షెడ్డులో నా మిషను కిటికీ పక్కన ఉండేదే. గాలికి దూది ఎగిరొచ్చి సూది మీద పడేది. అందుకని ఊదేదాన్ని."

"మరి ఇక్కడ కిటికీ ఏదీ?"

పిన్ని చుట్టూ చూసింది. కిటికీ లేదు. ఆ వరసలో మిషను ముందు కూర్చున్న ఆడవాళ్లందరూ ఎవరి సూది మీద వాళ్లు ఉఫ్ఫు ఉఫ్ఫుమని ఊదుకుంటున్నారు. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. మర్నాడు పనిలోకి వచ్చి, కూర్చుని, మళ్లీ ఇద్దరూ ఊదారు.

ఆ బట్టల నూగే చివరికి ఆమె ముక్కును పట్టుకుంది. ముక్కు దిబ్బడ, తుమ్ములు, ఆయాసం. నూగున్నచోట పని చేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. అప్పుడామెను పిల్లల గదికి మార్చారు. ఆయాసం తగ్గింది, దిబ్బడ మాత్రం మిగిలింది. అందుకని జాకెట్టులో ఎప్పుడూ ఒక ఇన్‌హేలర్ ఉంటుంది. జలుబు చేస్తే పీలుస్తారే, ఆ చిన్న గొట్టం. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్క పీల్పు పీల్చి, "హమ్మ...య్య!" అంటుంది. ఆ మధ్యలో సాగదీయడం ఉంది చూశారూ, అది ఆయమ్మ సొంతం. ఇంకేముంది, పదకొండు మందీ రంగు పెన్సిళ్లు ముక్కుల దగ్గర పెట్టుకుని హమ్మయ్యలు మొదలెట్టారు.

ఈ సైన్యానికి ఒక నాయకుడున్నాడు. నాలుగేళ్లు నిండాయో లేదో, చేతులు వెనక్కి కట్టుకుని అచ్చం ఫ్యాక్టరీ మేనేజరులా పచార్లు చేస్తాడు కాబట్టి వాడి పేరే మేనేజరు. వాడు ఏమంటే మిగతావాళ్లకు అదే వేదం. ఒకసారి బొమ్మల పుస్తకంలో మేకను చూపించి ఇదేమిటంటే, వాడు ఆరిందాలా "కుక్క" అన్నాడు. వెంటనే గదంతా "కుక్క! కుక్క!" ఆయమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపయ్యాక ఒక పిల్ల వెనక నుంచి వచ్చి మెడ చుట్టూ చేతులేసి, చెవిలో గుసగుసలాడింది.

"ఆయమ్మా, అది మేకే కదా?"

"మేకే తల్లీ. మరి కుక్క అన్నావేం?"

"అందరూ అన్నారుగా."

ఆ మాట ఆయమ్మ మనసులో అలా ఉండిపోయింది. పదిమందిలో ఒక మాట, చెవిలో ఒక మాట. పెద్దవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా అనుకుని ఊరుకుంది.

ఇలాంటి గదిలోకి వచ్చి పడింది దొరసాని. కాజాలు కుట్టే మిషను మీద పనిచేసే అమ్మాయి కూతురు. మూడేళ్లు నిండబోతున్నాయి. ఉలుకూ పలుకూ లేదు. గుమ్మం పక్కన తన చాప మీద నిటారుగా కూర్చుని, ఈ జనాన్నంతటినీ తేరిపార చూస్తూ ఉంటుంది. అందుకే ఆ పేరు. మోకాలు చరవదు. అబ్బా అనదు. పెన్సిల్ ఇస్తే ముక్కు దగ్గర పెట్టుకోదు, పక్కన పెడుతుంది. మేనేజరు వచ్చి రెక్క పట్టుకుని లేపబోతే వాడి మొహంకేసి ఒక్క చూపు చూసింది. వాడంతటివాడు చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయమ్మకు ఆ పిల్లంటే ప్రాణం. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఈ పిల్ల నోరు విప్పితే చాలనిపించేది. అలాంటిది ఆ గురువారం సాయంత్రం తల్లి బాంబు పేల్చింది.

"ఈ శనివారం దాకానే పంపిస్తానండీ ఆయమ్మా. ఆదివారం మా అమ్మ దగ్గర దించేసి వస్తాను."

"మీ అమ్మ ఉండేది ఎక్కడో బస్సులో రోజంతా పోవాలి కదే! పిల్ల అక్కడా, నువ్విక్కడా ఉంటారా?"

"ఏం చేయమంటారు?" ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. "దీనికి ఒంట్లో ఏదో బాగాలేదండీ. ఇక్కడికి రావడం మొదలెట్టాకే వచ్చింది. మిమ్మల్ని అనడం లేదు. కానీ..."

"ఏం బాగాలేదు? చెప్పవే!"

బయట ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టింది. ఆ అమ్మాయి పిల్లను చంకనేసుకుని పరుగెత్తింది. మాటలు రాకపోవడం గురించే అయి ఉంటుందని ఆయమ్మ అనుకుంది. తల్లినీ బిడ్డనీ విడదీయడానికి తన గదే కారణమవుతోందా అని రాత్రంతా మథనపడింది.

మర్నాడు శుక్రవారం. అన్నాలయ్యాయి, పిల్లల్ని పడుకోబెట్టాలి. రోజూ పడుకునే ముందు పాడే బొమ్మ బాతు మీట నొక్కితే కుయ్యనలేదు కయ్యనలేదు. తిప్పి చూస్తే వెనక మూత ఊడిపోయి ఉంది. లోపల ఉండాల్సినవి మూడు చిన్న బ్యాటరీలు, చొక్కా గుండీ కంటే చిన్నవి, వెండిలా తళతళలాడేవి. ఉన్నవి రెండే.

ఆయమ్మ చాపలు దులిపింది, దిండ్లు దులిపింది, పిల్లల జేబులు తడిమింది. లేదు. ఆ కంగారులో ఆమె అడగకూడని విధంగా అడిగింది, గట్టిగా, అందరి ముందూ.

"ఒరేయ్, బ్యాటరీ ఎవర్రా మింగారు?"

మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. "నేనే!" అన్నాడు ఛాతీ విరిచి.

"నేనే!" అంది పక్కపిల్ల. "నేను కూడా!" "నేనే మింగాను!" "నేను రెండు మింగాను!" ఇక చూడండి, గది దద్దరిల్లిపోయింది. పదకొండు మందీ ఎగురుతున్నారు, పొట్టలు చూపిస్తున్నారు. పోయింది ఒక్కటే బ్యాటరీ, మింగినవాళ్లు పదకొండు మంది!

గోల విని ఫస్టెయిడ్ గది నర్సు పరుగెత్తుకొచ్చింది. విషయం వినగానే ఆమె మొహంలో రంగు మారింది.

"ఇవి చాలా ప్రమాదం ఆయమ్మా. లోపల ఎక్కడైనా ఇరుక్కుంటే కండను కాల్చేస్తాయి. ఆలస్యం చేయడానికి లేదు. ఎవరు మింగారో తేలకపోతే అందర్నీ తీసుకెళ్లిపోదాం. నేను ఆస్పత్రికి ఫోన్ చేస్తాను, మీరు బండి చూడండి."

బండి అంటే చొక్కాల డబ్బాలు మోసే వ్యాను. దాన్ని నడిపేది ఎవరో కాదు, ఆయమ్మ మొగుడే. స్టోరు ముందు బండి ఆపి టీ తాగుతున్నాడు.

"ఏమయ్యా, బండి తియ్యి! పిల్లలు బ్యాటరీ మింగారు!"

"ఎంతమంది?"

"పదకొండు మంది!"

"ఒక్కటే బ్యాటరీనా?"

"ప్రశ్నలు తర్వాత, ముందు డబ్బాలు దింపు!"

తల్లులు మిషన్లు వదిలేసి వచ్చారు. ఏడుపులు, పెడబొబ్బలు. కాజాల అమ్మాయి అందరికంటే ముందు వచ్చి దొరసానిని ఎత్తుకుంది. "నా పిల్ల... నా పిల్ల కూడా అందా?"

"లేదమ్మా, నీ పిల్ల ఏమీ అనలేదు. తన చాప మీదే ఉంది," అంది ఆయమ్మ. ఎవరేం చేసినా చేయని పిల్ల. ఆ ఒక్కదానికీ ఏ ప్రమాదమూ లేదని అందరూ ఒప్పుకున్నారు. తల్లి పిల్లను గట్టిగా కావిలించుకుని గోడకు జారబడింది.

పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వ్యాను దగ్గర వరస కట్టారు. వాళ్లకిదేదో పెద్ద సంబరం. ఆయమ్మ ఒక్కొక్కరినీ ఎత్తి బండిలో పెడుతోంది. మొదటి పిల్లను ఎత్తినప్పుడు ఆ పిల్ల నోరు ఆమె చెవి దగ్గరకొచ్చింది. అప్పుడు తట్టింది ఆయమ్మకు. మేక!

"బంగారం, నిజంగా మింగావా?" అని చెవిలో అడిగింది.

"ఊహూఁ," అంది ఆ పిల్ల చెవిలోనే.

ఆయమ్మ తర్వాతివాడిని ఎత్తింది. చెవిలో అడిగింది. "లేదు." ఆ తర్వాతి పిల్ల. "లేదు, మేనేజరు మింగాడుగా, అందుకని." ఇంకొకడు. "బండి ఎక్కుదామని." ఎత్తడం, అడగడం, పెట్టడం. ఎత్తడం, అడగడం, పెట్టడం. చెవిలో అందరిదీ ఒకటే మాట. చివరికి మేనేజరు ఒక్కడే మిగిలాడు. వాడే అయి ఉండాలి. ఆయమ్మ వాడినీ ఎత్తింది.

"నాయనా, నువ్వేనా మింగింది?"

వాడు అటూ ఇటూ చూసి, ఆమె మెడలో మొహం దాచుకున్నాడు. "నేను మింగలేదు ఆయమ్మా. నువ్వు అరిచావు. మింగితే ఎత్తుకుంటావేమో అనుకున్నా."

పదకొండు మందీ అయిపోయారు! ఎవరూ మింగలేదు! మరి బ్యాటరీ?

అడగనిది ఒక్కరినే. ఏమీ అనని ఒక్కరిని.

ఆయమ్మ వెనక్కి తిరిగి పరుగెత్తింది. ఆ మోకాలితో ఆమె పరుగెత్తగా చూడటం తన పెళ్లయ్యాక అదే మొదలని మొగుడు తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. గోడ పక్కన తల్లి ఒళ్లో ఉన్న దొరసాని ముందు ఆమె దబ్బున మోకాళ్ల మీద కూలబడింది. చరుపు లేదు, అబ్బా లేదు. మాటలు రాని పిల్లను ఏమని అడుగుతుంది? పక్కనున్న ఆటసామాన్ల పెట్టెలోంచి కోటుకు కుట్టే పెద్ద గుండీ ఒకటి తీసింది. అంత పెద్దదైతే ఎక్కడా దూరదు.

"తల్లీ, తళతళలాడే గుండీ ఒకటి దొరికింది కదా నీకు? దాన్ని ఏం చేశావో చూపించు."

దొరసాని గుండీని అందుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. రెండు వేళ్లతో నాజూగ్గా పట్టుకుని, కుడి ముక్కుకు ఆనించి, కళ్లు మూసుకుని, ఒక్క పీల్పు పీల్చింది.

"హమ్మ...య్య!"

ఆ సాగదీతతో సహా! ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా! తల్లి కెవ్వుమంది. అది భయమో సంతోషమో ఆమెకే తెలియదు. నర్సు టార్చి వేసి చూసింది. ముక్కులో లోపలెక్కడో తళుక్కుమంది.

"ముక్కులోనే ఉంది! పదండి!"

పదకొండు మందినీ దింపే తీరిక ఎవరికుంది? నర్సు ముందు సీటులో ఎక్కింది. ఆయమ్మ, తల్లీ, దొరసాని వెనక. వ్యాను కదిలింది. లోపల పిల్లలు పాట అందుకున్నారు. ఆయమ్మ మాత్రం ఆ చిన్ని పాదం ఒకటి చేత్తో పట్టుకుని, "నా ముక్కు వల్లే కదే ఇదంతా, నా ముక్కు వల్లే," అని గొణుగుతూనే ఉంది.

ఆస్పత్రిలో వాళ్ల కోసం కాచుకుని ఉన్నారు. డాక్టరమ్మ సన్నటి పట్టుకారు తీసుకుని, తల పైకెత్తి కదలకుండా ఉండాలంది. ఆ పట్టుకారు చూడగానే దొరసాని తల్లి గుండెల్లో మొహం దాచేసింది. తిప్పితే తన్నింది, పట్టుకుంటే గింజుకుంది. కదిలితే బ్యాటరీ ఇంకా లోపలికి పోవచ్చని డాక్టరమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

"ఒక్క నిమిషం ఆగండమ్మా," అంది ఆయమ్మ. తలుపు తెరిచి కేకేసింది. "ఒరేయ్ మేనేజరూ! అందర్నీ తీసుకుని లోపలికి రా!"

వరస లోపలికొచ్చింది. డాక్టరమ్మ తెల్లబోయి చూస్తోంది.

"ముక్కు పైకెత్తు నాయనా. నోరు తెరువు. బొమ్మలా ఉండు."

మేనేజరు ఎత్తాడు. వాడి వెనక పదిమందీ ఎత్తారు. పదకొండు ముక్కులు పైకప్పు వైపు, పదకొండు నోళ్లు తెరిచి, ఎవరూ కిక్కురుమనలేదు. దొరసాని తల్లి భుజం మీంచి ఒక కన్నుతో చూసింది. తర్వాత రెండో కన్నుతో. వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా తీరిగ్గా చూసింది. అప్పుడు మెల్లగా తల పైకెత్తి, నోరు తెరిచి, బొమ్మలా ఉండిపోయింది.

డాక్టరమ్మ ఇలా పెట్టి అలా తీసింది. పళ్లెంలో టంగుమంటూ పడింది బ్యాటరీ, ఒక పక్క నల్లబడి. ముక్కు లోపల చూసి, "కొంచెం కమిలింది, అంతే. వెంటనే తెచ్చి మంచి పని చేశారు," అంది. మందు రాసింది. మళ్లీ ఎప్పుడు చూపించాలో నర్సుకు చెప్పింది. తల్లి ఆయమ్మ భుజం మీద వాలిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయమ్మా ఏడ్చింది, నవ్వింది, ముక్కు చీదింది. ఇన్‌హేలర్ కోసం జాకెట్టులో చేయి పెట్టబోయి, లెంపలేసుకుని గోడవైపు తిరిగింది.

మందు ఆరే దాకా బయట ఉండమన్నారు. నడవాలో ఒక పొడుగాటి బల్ల ఉంది. తల్లి దొరసానిని కింద దించింది. ఆ పిల్ల బల్ల దగ్గరకు నడిచి, వెనక్కి తిరిగి, ఎడమ మోకాలి మీద ఒక చరుపు చరిచి, మూతి బిగించి, కూర్చుంది.

తల్లి ఆయమ్మ చేయి గట్టిగా పట్టుకుంది.

"చూశారా! అదేనండీ! నేను చెప్పబోయింది అదే! ఇంట్లో కూర్చున్నప్పుడల్లా అలా మోకాలు కొట్టుకుంటోంది. పసిదానికి కీళ్లలో ఏదో వచ్చిందండీ. ఎముకల డాక్టరుకు కూడా చూపించాను, ఏమీ లేదన్నాడు. మీ గదిలో గచ్చు చల్లదనం పడలేదేమోనని..."

ఈ పిల్ల ఎవర్నీ చూసి ఏమీ నేర్చుకోదని ఆయమ్మ దిగులుపడుతుంటే, రోజూ చూసినదంతా మూట గట్టుకుని ఇంటికి మోసుకుపోయి, అక్కడ సాధన చేస్తోందన్నమాట! ఆయమ్మ సంబరంగా పిల్లలవైపు చూసి బల్ల చూపించింది.

"కూర్చోండర్రా."

పదకొండు అరచేతులు పదకొండు మోకాళ్ల మీద చప్పుమన్నాయి. "అబ్బా!" అని నడవా అంతా మారుమోగింది. అటు పోతున్న కాంపౌండరు ఉలిక్కిపడి ఆగిపోయాడు. దొరసాని ఆ వరసను చూసింది. లేచి నిలబడింది. మోకాలు మళ్లీ చరిచి, ఈసారి అందరికంటే గట్టిగా, "అబ్బా!" అని కూర్చుంది.

తల్లి పిల్లల్ని చూసింది, ఆయమ్మను చూసింది, ఆయమ్మ మోకాలిని చూసింది. పిల్లను అమ్మమ్మ దగ్గర దించేసే మాట మళ్లీ ఆ అమ్మాయి నోట రాలేదు.

ఆ తర్వాత ఆయమ్మ ఇన్‌హేలర్ కావాలంటే వరండాలోకి పోయి తలుపు వేసుకుంటోంది. బొమ్మ బాతు మూతకు గట్టి మర బిగించారు. సోమవారం పొద్దున దొరసానిని తల్లి గుమ్మంలో దించగానే ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. లోపల నుంచి చరుపూ అబ్బా వినిపించాయి. ఆ అమ్మాయి నవ్వుకుంటూ తన కాజాల మిషను దగ్గరకు వెళ్లి, స్టూలు లాక్కుని, కూర్చుంది.

పక్క మిషను ఆవిడ పని ఆపి ఆమెకేసి చూసింది.

"అదేమిటే, మోకాలు నొప్పా?"